మగ్గాల వీధికి మూడో తరగతి

మా సంస్థలో కొత్తగా చేరిన ఇద్దరు ఆర్గనైజర్లు మొన్న హిందూపురంలో మా ఇంటికి వచ్చారు. చేతిలో నిబంధనల పుస్తకం, దాన్నిండా పెన్సిలు గీతలు. "సార్, రెండు శాఖలకు మార్కులు సమానంగా వస్తాండాయి. దేనికి ఒకటో తరగతి ఇయ్యాలో ఎట్ల తేల్చేది?" అని వాళ్ళలో ఒకమ్మాయి అడిగింది. కాఫీ తాగినంతసేపూ నాకు తోచిందేదో చెప్పాను. వాళ్ళు వెళ్ళిపోయాక, చెప్పవలసిన అసలు సంగతి మాత్రం నోట్లోనే ఉండిపోయిందని అర్థమైంది. అది నా తప్పుకు సంబంధించినది కాబట్టి నోరు రాలేదు. కాగితం మీద అయితే ఎదురుగా ఎవరూ ఉండరు గనుక వాళ్ళకే రాసేస్తున్నాను.

తరగతుల సారు

మాది కంటి సంస్థ. కంట్లో పొర కమ్మినవాళ్ళను పల్లెల్లో వెతికి, హిందూపురం ఆసుపత్రికి తీసుకొచ్చి, ఆపరేషన్ చేయించి, మళ్ళీ ఇంటి దగ్గర దింపడం మా పని. వెతకడం ఆఫీసులో కూర్చుంటే అయ్యేది కాదు. అందుకని ఊరూరా శాఖలు. ఊళ్ళోవాళ్ళే పదకొండు మంది కలిసి శాఖ పెట్టుకుంటారు. మొదటి ఏడాది దాన్ని ప్రయత్న శాఖ అంటాము. ఏడాది నిలబడితే గుర్తింపు. గుర్తింపు వచ్చాక ప్రతి ఏటా తరగతి. ఒకటో తరగతి శాఖకు ఏడాదిలో రెండుసార్లు బస్సు వస్తుంది. రెండో తరగతికి ఒకసారి. మూడో తరగతికి బస్సు రాదు. అక్కడివాళ్ళ ఆపరేషన్ల జాబితాను పక్కన పెట్టి, ఎక్కడైనా సీట్లు మిగిలితే అప్పుడు చూస్తాము.

తొంభైల మొదట్లో చేరిన నేను దాదాపు రెండు దశాబ్దాలు ఈ తరగతులు వేస్తూనే ఉన్నాను. మోపెడ్ మీద మడకశిర నుంచి కనగానపల్లి దాకా నేను తిరగని ఊరు తక్కువ. జనం నా పేరు ఎప్పుడో మరిచిపోయి "తరగతుల సారు" అనడం మొదలుపెట్టారు. మొదట్లో ఆ పేరు విని మురిసిపోయేవాణ్ణి. బడిపంతులు కావాలనుకుని కాలేకపోయినవాడికి ఆ మాత్రం చాలు. ఆ పేరులో కొంత ఎత్తిపొడుపు కూడా ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది.

బోర్డు సంగతి

కొత్తవాళ్ళు మొదట బోర్డు కోసం చూస్తారు. నేనూ అంతే. శాఖకు బోర్డు ఉండాలని నిబంధన. మడకశిర దాటాక ఒక పల్లెలో శాఖ పెట్టినవాళ్ళు ఎంతో శ్రద్ధగా బోర్డు రాయించారు. పైన కన్నడం, కింద తెలుగు. నేను మెచ్చుకుని వచ్చాను. ఆరు నెలల తర్వాత పోతే బోర్డు కనిపించలేదు. అడిగితే అధ్యక్షుడు తల గోక్కుంటూ గొర్రెల దొడ్డి దగ్గరికి తీసుకుపోయాడు. దొడ్డికి తలుపు అదే. మంచి రేకు, మంచి రంగు, అక్షరాలు కూడా చెదరలేదు.

"తోడేలు వచ్చిందప్పా" అన్నాడు ఆయన. "తలుపు కావాల్సొచ్చె. బోర్డు ఈడుంటే ఏమి, ఆడుంటే ఏమి? గొర్రెలోళ్ళంతా దినామూ చూస్తాండారు గదా."

నేను చిరాకుపడి మార్కులు తగ్గించాను. కానీ ఆ ఏడాది ఆ శాఖ పంపిన కంటిరోగుల్లో ఎక్కువమంది గొర్రెల కాపరులే. ఊరవతల ఎండలో తిరిగే ఆ మనుషులు అంతకు ముందు ఏ శిబిరానికీ వచ్చినవాళ్ళు కారు. దొడ్డి తలుపు చూసే వచ్చారని నేను ఒట్టేసి చెప్పలేను. కాదని చెప్పడానికీ నా దగ్గర ఆధారం లేదు.

ఎవరింట్లో తిన్నావు?

మా డైరెక్టర్ సుబ్బరాయుడు గారు రిటైరైన హెడ్మాస్టరు. నిబంధనల పుస్తకం ఆయన స్వయంగా రాసిందే. కామా తప్పినా ఊరుకోడు. అలాంటి మనిషి నా రిపోర్టు చదివేటప్పుడు మొదట అడిగే ప్రశ్న మాత్రం పుస్తకంలో ఎక్కడా లేనిది.

"ఆ ఊళ్ళో ఎవరింట్లో తిన్నావు?"

హోటల్లో తిన్నానంటే రిపోర్టు పక్కన పెట్టేసేవాడు. "అయితే నువ్వు ఊరు చూళ్ళేదు. బస్టాండు చూసొచ్చినావు. ఇంకోసారి పోయిరా" అనేవాడు. ఎవరింట్లో తిన్నానో చెప్తే, ఏం పెట్టారు, వడ్డించిందెవరు, పక్కింటివాళ్ళు వచ్చి పలకరించారా అని ఆరా తీసేవాడు. మొదట్లో ముసలాయనకు తిండి మీద ఆశ అనుకున్నాను. అన్నం దగ్గర కూర్చున్న గంటలో ఊరి గుట్టు ఎంత బయటపడుతుందో రెండేళ్ళు తిరిగాక గానీ నాకు తెలియలేదు.

ఆయనతో నేను ఒకే ఒక్కసారి అబద్ధమాడాను. ఈ కథంతా ఆ అబద్ధం చుట్టూనే ఉంది.

పెనుకొండ ఓళిగలు

తొంభైల మధ్యలో ఒక ఏడాది తరగతులు వేసే నెల. పెనుకొండ శాఖకు అధ్యక్షుడు చంద్రశేఖరయ్య, కట్టెల డిపో యజమాని. డిపో ముందు గదిలోనే శాఖ. గోడకు పటం, బల్ల మీద గుడ్డ, గుడ్డ మీద రిజిస్టరు. అంత చక్కటి రిజిస్టరు నా జన్మలో చూడలేదు. ప్రతి సమావేశానికీ పదకొండు సంతకాలు, ప్రతి తీర్మానం కింద బలపరిచినవారి పేరు. మధ్యాహ్నం ఆయన ఇంట్లో భోజనం. పూర్ణం ఓళిగలు, వాటి మీద నెయ్యి, ఆ పైన ఇంకో ఓళిగ.

పదకొండు సంతకాలూ ఒకే సిరాతో ఉన్నాయి. నేను చూశాను కూడా. "శాఖకు పెన్ను ఒకటే ఉందేమో, పొదుపరులు" అనుకున్నాను. కడుపు నిండినవాడికి అనుమానాలు తొందరగా రావు. ఒకటో తరగతి వేశాను.

మగ్గం గుంతలో కార్యదర్శి

మర్నాడు ధర్మవరం. అక్కడ మా శాఖ ఒక మగ్గాల వీధిలో ఉండేది. అటూ ఇటూ కలిపి నలభై ఇళ్ళు, ఇంటికో మగ్గం. కార్యదర్శి గోవిందప్ప. నేను పోయేసరికి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. లేవలేదు.

"కూర్చోప్పా. ఈ బుటా అయిపోనీ" అన్నాడు.

చీర మీద ఆ పువ్వు అయ్యేసరికి అరగంట. అప్పటికే నాకు మండుతోంది. నిన్న అధ్యక్షుడే గేటు దాకా ఎదురొచ్చాడు, ఈయన కుర్చీ కూడా చూపించలేదు. రిజిస్టరు అడిగాను. దారం కండెల బుట్ట కింద నుంచి తీసి ఇచ్చాడు. ఎనిమిది నెలలుగా అన్నీ తెల్ల పేజీలే.

"సమావేశాలు జరగలేదా?"

"ముందర జరుగుతా ఉండె. ఇప్పుడు యాడ జరుగుతాది? రామక్క వచ్చేది లేదు గదా."

"రామక్క ఎవరు? అధ్యక్షురాలా?"

"అధ్యక్షురాలు యాలయితాది? రామక్క రామక్కే."

ఇక్కడ ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది. ఎవరో ఒకామె అలిగి రాకపోతే మీటింగులే మానేశారు, ఇదేం శాఖ అనుకుని లేచాను. "మా ఇంట్లో తినిపోప్పా, సంకటి ఉండాది" అని గోవిందప్ప గుంతలోంచే పిలిచాడు. వద్దన్నాను. బస్టాండు హోటల్లో తిని హిందూపురం వచ్చేశాను.

సుబ్బరాయుడు గారు ఎప్పటిలాగే అడిగారు. మళ్ళీ ఎనభై కిలోమీటర్లు వెనక్కి పంపుతాడన్న భయంతో "గోవిందప్ప ఇంట్లో తిన్నా సార్" అన్నాను. రిపోర్టులో కూడా అలాగే రాశాను.

"ఏం పెట్టినాడు?"

"సంకటి సార్."

ఆయన కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూసి సంతకం పెట్టారు. మగ్గాల వీధి ఒకటో తరగతి నుంచి ఏకంగా మూడోదానికి జారింది. వాళ్ళ ఆపరేషన్ల జాబితాలో పందొమ్మిది పేర్లుంటే ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టాను. మొదటి పేరు రామక్క. నేను ఆ పేరు చదివాను, గీత కొట్టాను, ముందు రోజు విన్న పేరు అదేనని ఒక్క క్షణం కూడా ఆగలేదు.

ఖాళీ బస్సు

మూడు నెలలకు పెనుకొండలో శిబిరం. ఒకటో తరగతి శాఖ కాబట్టి మొదటి బస్సు వాళ్ళకే. తొమ్మిదింటికల్లా బస్సు కట్టెల డిపో ముందు ఆగింది. నేను, ఒక డాక్టరమ్మ, నర్సు, డ్రైవరు. హిందూపురంలో ఆ మధ్యాహ్నమే ఆపరేషన్లు మొదలుపెట్టడానికి సర్జన్లు సిద్ధంగా ఉన్నారు. బెంగళూరు నుంచి వచ్చిన సర్జన్లు, మర్నాడు సాయంత్రానికి వెళ్ళిపోతారు.

పదింటికి అయిదుగురు వచ్చారు. వాళ్ళలో ఇద్దరు చంద్రశేఖరయ్య బంధువులు. ఒకాయనకు తలనొప్పి, ఇంకొకాయన బస్సులో హిందూపురం దాకా పోవచ్చునని వచ్చాడు. డాక్టరమ్మ టార్చి లైటు ఆర్పి నా వైపు చూసింది.

"ఈ ముగ్గురి కోసం నలభై సీట్ల బస్సా? ఇది మీ ఒకటో తరగతా?"

చంద్రశేఖరయ్య డిపోలో కట్టెల వెనక ఏదో వెతుకుతున్నట్టు నటిస్తున్నాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు. నా మీదే వచ్చింది. ఎదురుగా ఎస్టీడీ బూత్ ఉంది. ధర్మవరం మగ్గాల వీధి మొదట్లో ఉన్న పట్టుదారం కొట్టుకు ఫోన్ చేసి గోవిందప్పను పిలిపించమన్నాను. పది నిమిషాలకు ఆయన గొంతు వినిపించింది.

"బస్సు వస్తాంది గోవిందప్పా. గంటన్నరలో వీధిలో ఉంటాం. పొర కమ్మినోళ్ళను నిలబెట్టు."



"మాది మూడో తరగతి గదప్పా" అన్నాడు గోవిందప్ప. గొంతులో వెటకారం లేదు. నిజంగానే సందేహం అడిగాడు.

"తరగతి సంగతి నేను చూసుకుంటా."

"పోయినసారి జాబితా నువ్వే తీసుకుపోయినావు. మా దగ్గర పేర్లు లేవే."

నా దగ్గరా లేవు. గీత కొట్టిన కాగితం హిందూపురం ఆఫీసులో ఉంది. "ఎట్లో ఒకట్ల చెయ్యప్పా" అని ఫోన్ పెట్టేశాను. పెనుకొండ ముగ్గురినీ ఎక్కించుకుని బస్సు కదిలింది. మూడో తరగతి శాఖకు బస్సు తీసుకుపోవడమంటే ఉద్యోగం మీదికి తెచ్చుకోవడమేనని డ్రైవరుకు కూడా తెలుసు. దారిపొడవునా "మీరు చెప్పినారనే పోతాండా సార్, గుర్తుపెట్టుకోండి" అని నాలుగుసార్లు అన్నాడు.

రామక్క

పగటిపూట ఆ వీధిలోకి అడుగుపెడితే నలభై మగ్గాల చప్పుడు ఒక్కసారిగా వినబడుతుంది. ఆ రోజు వినబడలేదు. బస్సు వీధి మలుపు తిరగగానే అరుగుల మీద మూటలు, మూటల పక్కన ముసలివాళ్ళు. వీధి మధ్యలో ఒక సన్నటి మనిషి నిలబడి ఉంది. అరవై ఉండవు. చేతి వేళ్ళకు ఎన్నేళ్ళదో బూడిద మరక. కళ్ళు దాదాపు మూసుకునే పేర్లు పిలుస్తోంది.

"మూడో ఇంట్లో ఓబులేసు, రెండు కండ్లు. ఆ పక్కింట్లో నాగమ్మ, కుడి కన్ను. లేపాక్షప్ప యాడ? రాలేదా? ఆయప్పకు భయం, పోయి పట్టుకరాండి."

గోవిందప్ప నా దగ్గరికి వచ్చాడు. "పేర్లు కాగితం మీద లేకపోతే ఏమి, రామక్క నోట్లో ఉండాయి" అన్నాడు.

ఇరవై ఆరుమందిని ఎక్కించింది ఆమె. ఒక్క పేరు తడబడలేదు. డాక్టరమ్మ ఒక్కొక్కరి కంట్లో టార్చి వేసి, ఇరవై మూడు మందికి ఆపరేషన్ కావాలని చెప్పింది. పెనుకొండ వాళ్ళతో కలిపితే ఇరవై ఆరు. మిగిలిన ముగ్గురికి చుక్కల మందిచ్చి దింపేసింది. ఎక్కనిది ఒక్క రామక్కే. ఆమె కంట్లో పొర టార్చి లేకుండానే కనబడుతోంది.

ఆమె ఎవరో గోవిందప్ప అప్పుడు చెప్పాడు. చీరలు నేసి పాత అచ్చు, అంటే నిలువు పోగుల చుట్ట, అయిపోగానే, మగ్గం మీదికి కొత్త అచ్చు రావాలి. పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. బూడిద అద్దుకున్న వేళ్ళతో చేసే ఆ పనికి వీధి మొత్తానికీ రామక్క ఒక్కతే. ఒక ఇంట్లో కూర్చుంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా. మగ్గం ఆగేది ఆ ఒక్కరోజే. నేతగాడికి తల ఎత్తి నాలుగు మాటలు మాట్లాడే తీరికా ఆ రోజే. శాఖలో తేల్చవలసిన సంగతి ఏదైనా రామక్కే ఇంటింటికీ తీసుకుపోయేది. అచ్చు అతుకుతూ అడిగేది, వాళ్ళ మాట విని తర్వాతి ఇంటికి చేరవేసేది. వీధి ఒక చుట్టు తిరగడానికి నెలన్నర పట్టేది. మగ్గాల వీధి శాఖకు ఒక సమావేశమంటే అది. ఆ చుట్టు పూర్తయ్యాక గోవిందప్ప రిజిస్టర్లో రాసేవాడు.

ఏడాది కిందట ఆమె కళ్ళు కనబడక రంగులు మార్చి అతకడం మొదలుపెట్టింది. ఎరుపు పోగుకు కెంపు, పచ్చకు చిలకపచ్చ. ఆమెను వద్దనలేక, "తర్వాత చూస్తాంలే రామక్కా" అని వీధి అంతా మెల్లగా పిలవడం మానేసి, పక్క వీధివాళ్ళ చేత అతికించుకుంటోంది. సమావేశాలు ఆగింది అక్కడ. శాఖ పడిపోయిందీ అక్కడే. ఆ శాఖ లేచి నిలబడాలంటే కావలసింది ఒకే ఒక ఆపరేషన్. దాన్నే నేను ఎర్ర పెన్నుతో కొట్టేశాను. 

ఆమె దగ్గరికి పోయి, "ఎక్కక్కా, టైమవుతాంది" అన్నాను.

"నాకొద్దులేప్పా. ఆ సీటు ఇంకొకరికి ఇయ్యి."

"సీట్లు చానా ఉండాయి."

"ఉంటే ఉండనీ. నా వల్లనే గదా వీధికి మూడో తరగతి వచ్చింది. నేను తిరగకపోతేనే మీటింగులు నిలిచిపోయె. ఎవురూ నన్ను పిలిచేది లేదని నాకు తెలుసు. యాల పిలవరో కూడా తెలుసు. వీధి పరువు తీసినదాన్ని, ముందు పోయి బస్సులో కూర్చుంటే బాగుంటాదా?"

ఆమె ఈ మాటలు ఏడుస్తూ అనలేదు. బూడిద మరకల వేళ్ళను చీర కొంగుకు తుడుచుకుంటూ మామూలుగా అంది. దానికి నా దగ్గరున్న జవాబు ఒక్కటే.

"వీధికి మూడో తరగతి వేసింది నువ్వు కాదక్కా, నేను. రామక్క ఎవరని సరిగ్గా అడగలేదు. గోవిందప్ప అన్నం తినమంటే తినలేదు. తప్పు నాది."

 రామక్క నా గొంతు వచ్చిన వైపు తల తిప్పింది.

"తరగతుల సారువి నువ్వేనా?"

"నేనే."

"తప్పు చేసినోడు బస్సు కూడా తెచ్చినాడంటే సగం తీరిపోయినట్లే. మిగిలిన సగం తర్వాత చూస్తాం. ఏమబ్బా గోవిందూ, నా మూట తేపో."

ఇంత సేపూ రానని వాదించిన మనిషి మూట మాత్రం కట్టే ఉంచుకుంది. బస్సులో నా పక్క సీట్లోనే కూర్చుని హిందూపురం దాకా నా జీతం ఎంత, పిల్లలెంతమంది, అన్నం తినమంటే ఎందుకు తినలేదు అని వరుసగా అడుగుతూ వచ్చింది.

సంజాయిషీ

మర్నాడు సుబ్బరాయుడు గారి గది. నాకంటే ముందే డ్రైవరు చెప్పేశాడని ఆయన మొహం చూస్తేనే తెలిసింది. ఆయన నిబంధనల పుస్తకం తెరవలేదు.

"ధర్మవరంలో నిన్న ఎవరింట్లో తిన్నావు?"

"ఎవరింట్లోనూ తినలేదు సార్. పోయినసారి కూడా తినలేదు. అబద్ధం రాసినాను."

"తెలుసు. సంకటి అన్నావు, సంకటిలోకి ఏమి అని నీ అంతట నువ్వే చెప్పకుండా ఉన్నప్పుడే అనుమానం వచ్చింది. ఈ జిల్లాలో పుట్టినవాడెవడూ ఉత్త సంకటి అని ఊరుకోడు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అనుమానం వచ్చీ నేను సంతకం పెట్టినాను. ఎండాకాలం, నిన్ను మళ్ళీ అంత దూరం పంపబుద్ధి కాలేదు. కాబట్టి మనిద్దరమూ దోషులమే. ఆమె చూపు వచ్చినాక చెప్పు, నేనే వస్తా."

తిట్లు తినడానికి సిద్ధపడి పోయినవాణ్ణి.  బాసులు చాలామంది దగ్గర పనిచేశాను. తప్పులో వాటా అడిగి తీసుకున్నది ఈయనొక్కడే.

అచ్చు అతికే రోజు

రెండు నెలలకు ఇద్దరం బస్సెక్కి ధర్మవరం పోయాము. రామక్క ముక్కు మీద సోడాబుడ్డి అద్దాలు. ఆ రోజు ఆమె పదహారో ఇంట్లో అచ్చు అతుకుతోంది. సుబ్బరాయుడు గారు గోడకు ఆనుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నారు. తర్వాతి కంటి పరీక్ష బళ్ళో పెట్టాలా, కల్యాణ మండపంలో పెట్టాలా అన్నది ఆ చుట్టులో నడుస్తున్న విషయం. ఆ ఇంటి నేతగాడు, ఆయన భార్య, పక్కింటివాళ్ళు ఇద్దరు వాదించుకున్నారు. బళ్ళో అయితే ముసలివాళ్ళు మెట్లెక్కలేరని ఇంటామె అంది. రామక్క తల ఎత్తకుండా వింటూ పోగులు మెలిపెడుతూనే ఉంది.

"ఇప్పటికి ఎంతమంది ఏమన్నారు?" అని ఆయన అడిగారు.

"పన్నెండు ఇండ్లు మండపమన్నారు. ఇద్దరు బడి అన్నారు. ఒకాయన నాకెందుకు అన్నాడు. ఆయప్ప ఎప్పుడూ అంతే."

ఆయన హెడ్మాస్టరు కదా, నమ్మి ఊరుకోడు. వీధిలోకి పోయి ఆ పదిహేను ఇళ్ళూ అడిగి వచ్చారు. లెక్క తేడా రాలేదు. నాకెందుకు అన్నాయన ఆయనతో కూడా నాకెందుకు అనే అన్నాడట.

ఆ ఏడాదే నిబంధన మార్చారు. ఏడాదికి నాలుగు సమావేశాలు ఒకచోట కూడి జరగాలనే వాక్యం కొట్టేసి, శాఖ మాట చివరి ఇంటి దాకా పోతోందా, చివరి ఇంటి మాట తిరిగి వస్తోందా చూడాలని రాశారు. అది ఎలా చూడాలో రాయలేదు. ఆర్గనైజరే పోయి కనుక్కోవాలి. ఇప్పుడు మీ చేతిలో ఉన్న పుస్తకంలో ఆ వాక్యం ఉంది. మార్కులు వేయడానికి వీలుకాని వాక్యం అదొక్కటే, దాన్ని మాత్రం దాటేయకండి.

పెనుకొండ సంగతి అడుగుతారు మీరు. చంద్రశేఖరయ్య తనంతట తానే ఆఫీసుకు వచ్చాడు. "మొదటి రెండు మీటింగులకూ పిలిస్తే ఎవరూ రాలేదు సార్. రాలేదని రాయడానికి సిగ్గయింది. అందరి సంతకాలూ నేనే పెట్టినాను" అన్నాడు. దొంగ రిజిస్టర్లు చాలా చూశాను తర్వాత. మోసం కోసం రాసినవి కొన్నే. ఎక్కువ భాగం ఇలా సిగ్గుతో రాసినవే. ఆ శాఖను మళ్ళీ ప్రయత్న శాఖ చేశాము. ఆయన ఈసారి డిపోలో కూర్చోకుండా, కట్టెల బండ్లు పోయే ప్రతి ఊరికీ బండివాళ్ళ చేత కబురు పంపడం మొదలుపెట్టాడు. మూడేళ్ళు పట్టింది గానీ నిజమైన రెండో తరగతి వచ్చింది. ఓళిగలు మాత్రం మొదటి నుంచీ ఒకటో తరగతే, అందులో నా అంచనా తప్పలేదు.

ప్రయత్న సభ్యుడు

రెండువేల దశకం చివర్లో రిటైరయ్యాను. సన్మానం, శాలువా హిందూపురంలో అయిపోయాయి. ఆ మర్నాడు ధర్మవరం బస్సెక్కాను. వీధిలో చాలా మార్పు. సగం ఇళ్ళలో కరెంటు మగ్గాలు, ప్రతివాడి జేబులో సెల్‌ఫోను. గోవిందప్ప మాత్రం పాత గుంతలోనే ఉన్నాడు. అరుగు మీద కూర్చున్న రామక్క అద్దాల్లోంచి నన్ను దూరం నుంచే గుర్తుపట్టింది.

ఇన్నేళ్ళు ఊళ్ళకు గుర్తింపులిచ్చాను గానీ నేను ఏ శాఖలోనూ సభ్యుణ్ణి కాను. ఉద్యోగులు సభ్యులు కాకూడదని నిబంధన. ఇప్పుడు ఉద్యోగం లేదు. "మీ శాఖలో చేర్చుకుంటారా?" అని అడిగాను.

"నేనొక్కదాన్ని చెప్పేది కాదప్పా అది. వీధిని అడగాల" అంది రామక్క. చేతికర్ర తీసుకుని లేచింది. "నెలన్నర ఆగేకి నీకు ఓపిక లేదులే. అర్జంటు మీటింగు పెడతా."

నేను గోవిందప్ప అరుగు మీద కూర్చున్నాను. ఆమె ఒక్కొక్క ఇంట్లోకి పోతోంది. ఒకచోట మగ్గం చప్పుడు ఆగుతుంది, లోపల మాటలు, ఒక నవ్వు, మళ్ళీ చప్పుడు మొదలవుతుంది. పక్కింట్లో ఆగుతుంది. ఎన్నో ఊళ్ళలో ఎందరినో ఇలా కూర్చోబెట్టి వాళ్ళ భాగ్యం తేల్చినవాణ్ణి. అవతలివైపు కూర్చుంటే ఎలా ఉంటుందో ఆ రెండు గంటల్లో తెలిసింది.  ఒకాయన నాకెందుకు అంటాడని కూడా ముందే తెలుసు.

ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి ఆమె తిరిగి వచ్చింది. కర్ర గోడకు ఆనించి, నా ఎదురుగా కూర్చుని, ఊపిరి తీసుకుంది.

"ఒప్పుకున్నారు. అయితే ప్రయత్న సభ్యుడంట. ఒక సంవత్సరం చూస్తారంట. నిలబడితే అప్పుడు తరగతి."

"ఎవరన్నారు ఆ మాట?"

"అందరూ అన్నారు. ముందర నేనంటి."

నేను నవ్వాను. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయని కూడా రాస్తున్నాను, దాచడానికేమీ లేదు. గుంతలోంచి గోవిందప్ప పోగు నడిపే నాడె పక్కన పెట్టి, ఇన్నేళ్ళలో మొదటిసారి నా కోసం లేచి నిలబడ్డాడు.

"అన్నానికి రాప్పా. సంకటి, చెనిక్కాయల చట్నీ. మా ఇంట్లో తిన్నట్లు ఎప్పుడో రాసుకున్నావంట గదా, మీ సుబ్బరాయుడు సారు అచ్చు కాడ కూర్చున్న పొద్దే చెప్పిపోయినాడు."

కాళ్ళు కడుక్కుని లోపలికి పోయాను.